హౌడిని సంగతి తర్వాత, ముందు తొమ్మిది నెలల ఖర్చు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక వీఎఫ్ఎక్స్ (సినిమాలకు విజువల్ ఎఫెక్ట్స్ చేసే) స్టూడియోలో నాలుగేళ్లుగా రోటో (షాట్‌లో మనిషినో వస్తువునో అంచు గీసి విడదీయడం), పెయింట్ (అక్కర్లేనివి చెరపడం) చేస్తున్నాను. వయసు 27. చేతికి 38,000 వస్తుంది. అద్దె, ఖమ్మంలో అమ్మానాన్నలకు పంపేది కలిపి ఖర్చు 26,000. బ్యాంకులో 40,000 ఉంది. పొగ, నీరు లాంటివి సృష్టించే హౌడిని సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఎఫ్ఎక్స్ ఆర్టిస్టు కావాలని ఉంది. న్యూక్ సాఫ్ట్‌వేర్‌తో కాంపోజిటింగ్‌కు (వేర్వేరు దృశ్యాలను ఒకే షాట్‌గా కలిపే పని) వెళ్లమని కొందరు, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌తో మోషన్ గ్రాఫిక్స్ (కదిలే అక్షరాలు, బొమ్మలు) చేస్తే బయటి పనులొస్తాయని కొందరు అంటున్నారు. వర్క్‌స్టేషన్‌కు (బలమైన కంప్యూటర్) 3 లక్షలు, కోర్సుకు 2 లక్షలు కలిపి పర్సనల్ లోన్‌కు దరఖాస్తు చేశాను. వడ్డీ 16 శాతం, మూడేళ్లు. కోర్సుకు 10,000 అడ్వాన్సు కట్టాను. దేన్ని ఎంచుకోమంటారు?

జవాబు: ముందు లోన్ మానేయండి. ఈఎంఐ సుమారు 17,600 పడుతుంది. మీకు నెలకు మిగిలేది 12,000. తక్కువ పడే 5,600 బయటి పనులతో పూడుతుందనుకున్నట్టున్నారు. ఇంకా నేర్చుకోని పనిమీద, ఇంకా దొరకని క్లయింటు ఇచ్చే డబ్బు అది. దాన్ని నమ్ముకుని 16 శాతానికి సంతకం పెట్టడం ఎలా సబబు? మెషీను, కోర్సు ముందు, చేతిలో డబ్బు తర్వాత అనుకునే ఆర్టిస్టులు చాలామంది ఉన్నారు కాబట్టే మీ ప్రశ్న తీసుకున్నాను.

మీ రంగం ఎలా ఆగిపోతుందో గుర్తు చేసుకోండి. హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉన్న అమెరికా వీఎఫ్ఎక్స్ కంపెనీ రిథమ్ అండ్ హ్యూస్ 2013 ఫిబ్రవరిలో దివాలా తీసింది. రెండు వారాలు తిరక్కముందే అది పనిచేసిన 'లైఫ్ ఆఫ్ పై' విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వచ్చింది. పనితనం ఆస్కార్ స్థాయిలో ఉన్నా కంపెనీ నిలబడలేదు. 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మె చేస్తే షాట్లు రాక ఇక్కడి స్టూడియోలూ ఇబ్బంది పడ్డాయి. 2025 ఫిబ్రవరిలో వీఎఫ్ఎక్స్ సంస్థ టెక్నికలర్ కుప్పకూలి బెంగళూరు, ముంబైలలోని ఉద్యోగులు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వాళ్లలో ఎవరికి న్యూక్ వచ్చు, ఎవరికి హౌడిని వచ్చు అన్నది ఆ నెల అద్దె కట్టడానికి పనికిరాలేదు.

అందుకే మామూలు ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలంటాను గానీ, ప్రాజెక్టుల మీద బతికే మీకు తొమ్మిది నెలలది ఉండాలి. అంటే 2,34,000. ఉన్న 40,000 కదపకుండా నెలకు 12,000 జమ చేస్తే పదిహేడు నెలల్లో నిండుతుంది. సగం సేవింగ్స్ ఖాతాలో, సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి. షేర్లు, క్రిప్టో జోలికి ఈ డబ్బుతో వెళ్లకండి. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. అమ్మానాన్నలకు విడిగా పాలసీ ఇప్పుడే చూడండి. ముందు నుంచి ఉన్న జబ్బులకు బీమా వర్తించడానికి మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండొచ్చు, పాలసీ ఆలస్యమైతే ఆ గడువు కూడా ఆలస్యంగా మొదలవుతుంది. ఆ ప్రీమియం వల్ల ఈ తొమ్మిది నెలల నిధి నిండటం నాలుగైదు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు. మీ పేర టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఈ వయసులో చవక.

ఇక నేర్చుకోవడం. దీనికి అప్పు ఎందుకో నాకు అర్థం కాలేదు. హౌడిని అప్రెంటిస్, న్యూక్ నాన్ కమర్షియల్ అనే నేర్చుకునే వెర్షన్లు ఉచితం. వాటితో డబ్బులకు పని చేయకూడదు, షోరీల్‌కు (మీ పని చూపించే చిన్న వీడియో) చాలు. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ పూర్తిగా ఉచితం, దాంతో సంపాదించుకోవచ్చు కూడా. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిసాల్వ్ ఉచిత వెర్షన్‌లో కాంపోజిటింగ్ చేసే ఫ్యూజన్ ఉంటుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు మాత్రం చందా కట్టాలి, పని ఒప్పుకున్న నెలలో కట్టండి. మోషన్ గ్రాఫిక్స్‌లో చిన్న క్లయింట్లు దొరుకుతారు, బిల్లు చేతికి రావడానికే నెలలు పడుతుంది.

రోటో, పెయింట్ చేసిన చేతికి దగ్గరి మెట్టు కాంపోజిటింగ్. మ్యాట్ (విడదీసిన ఆకారం) అంచు ఎక్కడ తేడా కొడుతుందో మీ కన్ను ఇప్పటికే పడుతుంది. ఆఫీసులో కాంపోజిటర్ పక్కన కూర్చుని నేర్చుకుంటే ఖర్చు లేదు. పొగ, నీరు, విధ్వంసం సిమ్యులేట్ చేసే ఎఫ్ఎక్స్‌కు ఎక్కువ కాలం, బలమైన మెషీను కావాలి. మనసు అటే ఉంటే వెళ్లండి, కానీ నిధి నిండాక. రోటోలోనే ఉండిపోమని చెప్పను. న్యూక్‌లో కాపీక్యాట్ లాంటి ఏఐ టూల్స్ వచ్చాక ఆ పని తగ్గుతుందన్న భయం న్యాయమైనదే. భయంతో అప్పు చేయడం మాత్రం వద్దు.

లోన్ ఇంకా దరఖాస్తు దశలోనే ఉంది కదా. సోమవారం ఉదయమే బ్యాంకుకు వద్దని రాసి పంపండి. కోర్సు అడ్వాన్సు తిరిగి అడగండి. ఇవ్వకపోతే 10,000 పోయాయనుకోండి. ఆ అప్పుకు మూడేళ్లలో కట్టబోయిన వడ్డీ 1,33,000.