గుర్రంతో విమానమెక్కబోయే బిడ్డకు

హనుమకొండ

చిరంజీవి బిడ్డా,

ఆశీస్సులు. నువ్వు నీ గుర్రాన్ని తీసుకొని డ్రెస్సేజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ మూడూ కలిసిన ఈవెంటింగ్ గుర్రపు స్వారీ పోటీ కోసం థాయ్‌లాండ్ వెళ్తున్నావని మీ బాపు ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. ముందుగా సంతోషం సంగతి చెప్తాను. 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో రఘుబీర్ సింగ్ ఇదే ఈవెంటింగ్‌లో బంగారు పతకం గెలిచినప్పుడు నేను సైన్యంలో చేరిన కొత్త. మా గుర్రాల లైన్లలో ఆయన పేరు తలుచుకోని పూట ఉండేది కాదు. 2018 ఆసియా క్రీడల్లో వెండి పతకం గెలిచి, టోక్యో ఒలింపిక్స్ దాకా వెళ్లిన ఫౌద్ మీర్జా కూడా జర్మనీలో ఉండి అక్కడి గుర్రాలతోనే సాధన చేయవలసి వచ్చిందంటే, మన రౌతులకు సత్తా లేక కాదు, మన గడ్డ మీది గుర్రాలు బయటి దేశాలకు పోయే దారి లేక. గ్లాండర్స్, సర్రా వంటి గుర్రాల జబ్బులు లేని ప్రాంగణంగా మీరట్‌లో సైన్యపు గుర్రాలను, జంతువులను చూసుకునే మన రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రానికి 2025 జులైలో ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తింపు దొరికాక ఆ దారి తెరుచుకుంది. నేను లద్ది ఎత్తిన మీరట్ నుంచే మా తమ్ముని కొడుకు గుర్రంతో విమానం ఎక్కుతున్నాడంటే నాకు ఇంతకన్నా ఏం కావాలి?

కాగితాల గురించి నీకు చెప్పనవసరం లేదు. గుర్రం పాస్‌పోర్టులో మైక్రోచిప్ నంబరు సరిచూసుకో. ఫ్లూ టీకా వేసి 6 నెలల 21 రోజులు దాటకూడదు, పోటీ స్థలానికి చేరే ముందు 7 రోజుల్లోపు వేయించకూడదు. లాడాలు నెమ్మదిగా చూసి కొట్టించు, బయలుదేరే ముందురోజు హడావిడిగా కొట్టించకు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను. నువ్వు మీ అమ్మకు పంపిన వీడియో నేనూ చూశాను. ట్రక్కు ఎక్కడం అలవాటు చేస్తున్నానని సంబరంగా చెప్పావు, మంచిదే. కానీ గడ్డి వలను గుర్రం కళ్లకన్నా ఎత్తున వేలాడదీశావు, తలకు కట్టిన తాడును మూరెడు కూడా వదలకుండా బిగించి కట్టావు. ఇన్నేళ్లు గుర్రాల మధ్య పెరిగి ఆ పని ఎట్లా చేశావు? కోపంతోనే అడుగుతున్నాను. ఎందుకో విను.

నేను కొలువులో ఉన్నప్పుడు ఉత్తరాది నుంచి బెంగళూరుకు రైలులో కొన్ని గుర్రాలను తరలించాము. అందులో ఒక కుమ్మైతు, అంటే ముదురు ఎరుపు గోధుమరంగు ఆడగుర్రం ఉండేది. దాని నడక చూస్తే కడుపు నిండేది. మొదటి రాత్రే పక్క గుర్రంతో కొరుకులాట పెట్టుకుంది. మా బృందానికి పెద్దగా వచ్చిన మనిషి అన్ని గుర్రాల తలలనూ పైకి బిగించి కట్టమన్నాడు. గుర్రాలను చూసుకునే ఇద్దరు ముగ్గురు పాత సయీసులు ఇది మంచిది కాదని చెప్పినా, దెబ్బలు తగిలితే జవాబు ఎవరు చెప్తారని ఆయన కసిరాడు. కాజీపేటలో బండి చాలాసేపు ఆగింది. నీళ్లు పట్టించడానికి అక్కడైనా తాళ్లు విప్పి తలలు దించనివ్వవలసింది, మళ్లీ కట్టడం ఆలస్యమవుతుందని బకెట్లను మూతుల దాకా ఎత్తి పట్టించి సరిపెట్టారు. బెంగళూరులో దించి తాడు వదలగానే ఆ కుమ్మైతు నీళ్లూ గడ్డీ ముట్టకుండా ముక్కును నేలకు ఆనించి నిలబడింది. రెండు ముక్కురంధ్రాల నుంచి చిక్కటి బూడిదరంగు చీమిడి తాడులా కారింది. చాలాసేపు అది తల ఎత్తనే లేదు.

ప్రయాణ బడలిక అన్నారు. మరునాడు దాణా సగం మిగిల్చింది, మళ్లీ బడలికే అన్నారు. ధర్మామీటరు పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. పై అధికారులు చూడటానికి వస్తున్నారని దాన్ని దౌడు తీయించారు. ఆ సాయంత్రం అది ముందు మోచేతులు బయటికి తిప్పి నిలబడింది, పక్కటెముకల మీద చెయ్యి వేస్తే మూలిగింది. అప్పుడు చూస్తే జ్వరం 104 డిగ్రీలు. డాక్టరు ఛాతీలోకి సూది దించి చీము తీశాడు. పక్షం తిరగకముందే అది పోయింది.

గుర్రం మేత నేల మీద మేసే జంతువు. తల దించినప్పుడే శ్వాసనాళంలోని దుమ్మూ చీమిడీ బయటికి జారతాయి. తల పైకెత్తి ఉంచితే కొన్ని గంటల్లోనే సూక్ష్మక్రిములు ఊపిరితిత్తుల దాకా దిగుతాయి. ఢిల్లీ నుంచి బ్యాంకాక్‌కు విమానం నాలుగు గంటలేనని మీ బాపు తేలిగ్గా అన్నాడు. మీరట్ నుంచి ఢిల్లీకి ట్రక్కు, విమానాశ్రయంలో నిరీక్షణ, గుర్రాలను పెట్టెలో ఎక్కించడం, దిగాక మళ్లీ ట్రక్కు, ఇవన్నీ కలుపుకుంటే ఎన్ని గంటలు అవుతుందో లెక్క వేయి. గడ్డిని బాగా తడిపి, దుమ్ము లేకుండా, ఛాతీ ఎత్తుకు మించకుండా కట్టు. ఆగిన ప్రతిచోటా తాడు విప్పి తల నేలకు దించనివ్వు. ఎవరు తొందరపెట్టినా ఇందులో తగ్గకు. కొత్తచోటి నీళ్లు గుర్రం వాసన చూసి వదిలేస్తుంది కాబట్టి ఇప్పటినుంచే బకెట్టు నీళ్లలో కాస్త బెల్లం కలిపి అలవాటు చేయి, అక్కడా అదే రుచితో ఇవ్వు. బయలుదేరే ముందురోజు నుంచి దాణా తగ్గించి గడ్డి పెంచు. గుర్రానికి వాంతి కాదు, కడుపులో ఇరుక్కున్నది పైకి రాదు.

ఇక్కడి నుంచి మీ అమ్మ నీకు మామిడికాయ తొక్కు, వరంగల్ చపాటా మిర్చి కారప్పొడి కట్టిస్తోంది. తీసుకుపో, తిను, కానీ తిన్నాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా కళ్లేన్నీ గడ్డినీ ముట్టకు. మిరపకాయలోని క్యాప్సైసిన్ పోటీ గుర్రాలకు నిషిద్ధం. 2008 ఒలింపిక్స్‌లో హాంకాంగ్‌లో కొన్ని గుర్రాల పరీక్షల్లో అది బయటపడింది, నార్వే జట్టు కంచు పతకం కూడా పోయింది. టీ, కాఫీ, చాక్లెట్ల విషయంలోనూ అదే జాగ్రత్త. నువ్వు ఏ మందు వేసుకుంటున్నా గుర్రం కొట్టంలో మూత్రం పోయకు, సయీసునూ పోయనివ్వకు, తడిసిన గడ్డి తింటే ఆ మందు గుర్రం పరీక్షలో బయటపడుతుంది.

పోటీ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. గుర్రాన్ని చెప్పినట్టు అడుగులు వేయించే డ్రెస్సేజ్‌లో తొందరపడతావు, అది నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం, తగ్గించుకో. క్రాస్ కంట్రీ పరుగులో అడ్డంకి దగ్గర గుర్రం ఒకసారి మొరాయిస్తే 20 పెనాల్టీ పాయింట్లు పడితే పడనీ, రెండోసారి కోపంతో తోలకు. పరుగు ముగించి రాగానే చల్లటి నీళ్లు ఒళ్లంతా ఆపకుండా పోస్తూనే ఉండు. చల్లనీళ్లకు కండరాలు పట్టేస్తాయని మా కాలంలో భయపెట్టేవాళ్లు, ఆ మాట నమ్మకు. అక్కడి ఉక్కపోత మన మే నెల ఎండకంటే గుర్రానికి కష్టం, గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు.

చేరిన రోజు నుంచి కనీసం మూడు రోజులు ఉదయం, సాయంత్రం జ్వరం చూసి నాకు పంపు. 99 నుంచి 101 వరకు ఉంటే నాకు నిద్ర పడుతుంది. 101.5 దాటితే నాకు కాదు, ముందు జట్టు డాక్టరుకు చెప్పు. మీ పెద్దలు పోటీ ముందరే ఉందని, ఇంత ఖర్చు పెట్టామని అన్నా నువ్వే నోరు తెరిచి గుర్రాన్ని పోటీ నుంచి తప్పించమని అడుగు. నీ మీద మాట వస్తే నేను మీరట్ వచ్చి నీ పక్కన నిలబడతాను. ఆ వల మాత్రం ఈరోజే కిందికి దించు, దించాక ఫోటో తీసి పంపు.

నీ
పెద్దబాపు