ట్యాంకు నీళ్ల రిపోర్టు చూసే ముందు, బాటిల్ ఎవరు నింపారో అడగండి

"అపార్ట్‌మెంట్ ట్యాంకు నీళ్లకు బ్యాక్టీరియా టెస్ట్ చేయించాలంటున్నారు. అందరి ఇళ్లలో ప్యూరిఫయర్ ఉండగా ఇది అవసరమా?" అని ఒకరు అడిగారు. అవసరమే. కాకపోతే చేయించే తీరులో చేయించకపోతే, అసలు చేయించకపోవడమే నయం. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను.

రెండేళ్లు మా అసోసియేషన్ సెక్రటరీగా చేశాను. ఎవరూ ముందుకు రాకపోతే నన్ను తోశారు, అది వేరే కథ. ఆ వానాకాలం బీ బ్లాకులో పిల్లలకు వరసగా విరేచనాలు పట్టుకున్నాయి. ఒక ఇంట్లో తగ్గితే పై ఇంట్లో మొదలు. పక్కనున్న 'ఏ' (A) బ్లాకులో ఎవరికీ ఏమీ కాలేదన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మీటింగులో నీళ్ల టెస్ట్ కావాలని గోల చేశారు. సరేనని వాచ్‌మన్‌తో ఒక ఖాళీ బాటిల్ నింపించి ల్యాబ్‌కు పంపాను. కోలిఫామ్ (నీళ్లు కలుషితమయ్యాయని చూపే బ్యాక్టీరియా) లేదు, ఈ.కోలై (వాటిలోనే మలం కలిసిందని చూపేది) లేదు అని రిపోర్టు వచ్చింది. దాన్ని నోటీసు బోర్డు మీద అంటించి, గోల చేసినవాళ్ల ఎదురుగా రెండు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను.

విరేచనాలు మాత్రం ఆగలేదు.

రెండోసారి ల్యాబ్ వాళ్లనే రమ్మన్నాను. ఇరవై ఏళ్లు దాటిన ఒక అమ్మాయి ఐస్ పెట్టె భుజాన వేసుకుని వచ్చింది. మొదట అడిగిన ప్రశ్న: "ట్యాంకులో బ్లీచింగ్ ఎప్పుడు వేశారు?" నేను వాచ్‌మన్ వైపు చూశాను. అతను తల గోక్కుని, "ఇప్పుడు వేయలేదమ్మా. మొన్న బాటిల్ పట్టిన రోజు పొద్దున్నే వేశాను. టెస్ట్ అన్నారు కదా సార్, అందుకని" అన్నాడు. పాపం, పరీక్ష అంటే పాసవ్వాలి అనుకున్నాడు.

ఆ అమ్మాయి ఇచ్చిన బాటిల్ అడుగున చిటికెడు తెల్లపొడి కనిపించింది. మురికేమో అని కొళాయి కింద పెట్టి కడగబోయాను. "అంకుల్, కడగొద్దు!" అని ఒక్క అరుపు అరిచింది. అది సోడియం థయోసల్ఫేట్ అట. నీళ్లలోని క్లోరిన్‌ను విరిచేస్తుంది. అది లేకపోతే బాటిల్ ల్యాబ్‌కు చేరేదాకా క్లోరిన్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. మన కొళాయిలో బతికున్న బ్యాక్టీరియా దారిలో చచ్చిపోతుంది, రిపోర్టేమో శుభ్రంగా వస్తుంది. నేను ఛాతీ విరుచుకున్నది అలాంటి కాగితం చూసుకునే.

ఆ తర్వాత ఆమె చేసిందంతా పక్కనే నిలబడి చూశాను. కొళాయి మూతికి ఉన్న జాలీ విప్పేసింది. మూతి చుట్టూ స్పిరిట్ దూదితో తుడిచింది. రెండు మూడు నిమిషాలు నీళ్లు పోనిచ్చింది. మూత లోపలి వైపు వేలు తగలనివ్వకుండా బాటిల్ పట్టి, పైన కాస్త ఖాళీ వదిలి బిగించి, టైము రాసి ఐస్‌లో పెట్టింది. సంప్ దగ్గర ఒకటి, 'ఏ' బ్లాకులో ఒకటి, బీ బ్లాకులో ఒకటి.

తాగే నీళ్లు 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ.కోలై కూడా కనిపించకూడదు. సంప్ పాసైంది, 'ఏ' బ్లాకు పాసైంది, బీ బ్లాకు తప్పింది. అప్పుడు గానీ మేం మేడెక్కలేదు. బీ బ్లాకు ట్యాంకు మూత పక్కకు జరిగి ఉంది, ఓవర్‌ఫ్లో పైపుకు జాలీ లేదు, నీళ్ల మీద పావురం ఈకలు తేలుతున్నాయి. ట్యాంకు అంచు మీద రెట్టల సంగతి రాయను, మీరు భోంచేస్తూ చదువుతున్నారేమో. కడిగించి, క్లోరిన్ పట్టించి, మూత బిగించి, జాలీ వేయించాక పిల్లలు తేరుకున్నారు. అది వైరల్ అని, దానంతట అదే తగ్గిందని మా ట్రెజరర్ ఇప్పటికీ వాదిస్తాడు. నేను మాత్రం పావురాలనే అంటాను.

అందుకే ఎవరైనా రిపోర్టు చూపిస్తే నేను ఫలితం చూడను. పై భాగంలో చూస్తాను. శాంపిల్ ఎవరు పట్టారు, ఎన్ని గంటలకు, ఏ కొళాయిలో? "కస్టమర్ తెచ్చి ఇచ్చినది" అని ఉంటే ఆ కాగితం మడిచి తిరిగి ఇచ్చేస్తాను.

ఇక టీడీఎస్ మీటరు మేధావులు. ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒకరుంటారు. గ్లాసులో పుల్ల ముంచి, అంకె చూపించి "నీళ్లు సూపర్" అంటారు. అది కొలిచేది నీళ్లలో కరిగిన లవణాలను, అదీ కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి. అందులో ఒక చుక్క మురుగు కలిపినా ఆ అంకె పెద్దగా కదలదు. ఈ మాట చెప్పినందుకు మా వాట్సాప్ గ్రూపులో నాతో మాట్లాడటం మానేసినవాళ్లున్నారు.

ప్యూరిఫయర్ ఉందిగా అన్నారు. పళ్లు తోముకుని పుక్కిలించేది ఏ నీళ్లతో? అదీ కాక, కొన్ని బ్యాక్టీరియా తాగితే వచ్చేవి కావు, పీలిస్తే వచ్చేవి. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సమావేశం జరిగాక న్యుమోనియా లాంటి జబ్బుతో 34 మంది చనిపోయారు. కారణమైన లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా దొరికిందని 1977 జనవరిలో గానీ ప్రకటించలేకపోయారు. అది నీటి తుంపరల్లో ఎక్కి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షవర్లు, పెద్ద ఏసీల కూలింగ్ టవర్లు దానికి వాహనాలు. మామూలు కోలిఫామ్ టెస్టులో ఇది కనపడదు, విడిగా అడగాలి. కల్చర్ పెడితే, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూస్తే, పది రోజుల పైనే పట్టవచ్చు.

20 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చని, కదలని నీళ్లంటే దానికి ప్రాణం. కరెంటు ఆదా అని గీజరును 40 దగ్గర పెట్టి మురిసిపోయేవాళ్లు దాన్ని పెంచుతున్నట్టే. నిల్వ ఉండే వేడినీళ్లు 60 డిగ్రీల్లో ఉండాలి. ఒళ్లు కాలకుండా కొళాయి దగ్గర చన్నీళ్లు కలుపుకోవాలి. నెలల తరబడి తాళం వేసిన ఫ్లాట్లోకి దిగేటప్పుడు షవర్ తల విప్పి, కిటికీ తెరిచి, ప్రతి కొళాయినీ కొన్ని నిమిషాలు వదలండి. ఆ నీళ్లు పోతున్నంతసేపూ మీరు బాత్రూమ్ బయటే ఉండండి.