రక్షణ బడ్జెట్ పెద్దదైతే ఆ దేశం మాట చెల్లుతుందా?

"సైన్యానికి ఎక్కువ ఖర్చు పెట్టే దేశం మాటే ప్రపంచంలో చెల్లుతుందా?" అని అడిగారు. ఈ ప్రశ్న రాగానే అందరూ ట్యాంకులెన్ని, విమానాలెన్ని, ఎవరిది ఎన్నో ర్యాంకు అని మొదలుపెడతారు. నాకు ఆ లెక్కల మీద నమ్మకం పోయి చాలాకాలమైంది. నేను సైన్యంలో పదిహేడేళ్లు పనిచేశాను గానీ యుద్ధం చేసినవాణ్ణి కాను. వాహనాల వర్క్‌షాప్‌లో మెకానిక్‌ని. కాబట్టి నేను చెప్పేదంతా లారీ కింద పడుకుని చూసిన ప్రపంచమే.

మా ఆఫీసు గోడకు ఒక పెద్ద చెక్క బోర్డు ఉండేది. ఎన్ని బండ్లు ఆన్ రోడ్ (నడిచేవి), ఎన్ని ఆఫ్ రోడ్ (చెడిపోయి ఆగినవి) అని రోజూ పొద్దున సుద్దముక్కతో రాసేవాళ్లం. తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నాడంటే చాలు, ఆఫ్ రోడ్ అంకె దానంతటదే తగ్గిపోయేది. ఒక లారీ సెల్ఫ్ మోటారు పీకి ఇంకోదానికి పెట్టేవాళ్లం. బ్యాటరీలదైతే ఇంకా తమాషా. అధికారి ముందునుంచి ఒక్కో బండీ చూసుకుంటూ నడిచేవాడు. ఆయన నాలుగో బండి దాటేసరికి మొదటి బండి బ్యాటరీ వెనకనుంచి ఇద్దరి భుజాల మీద పదో బండికి చేరిపోయేది. స్టార్ట్ అయితే చాలు, కదలాలని ఎవరూ అడగరు.

ఒకసారి అలాంటి తనిఖీ బ్రహ్మాండంగా అయింది. ఇరవై నాలుగు బండ్లకు ఇరవై రెండు ఆన్ రోడ్. భుజం తట్టి వెళ్లారు. ఆ రాత్రి ఒంటిగంటకే కబురొచ్చింది, వరద ముంచెత్తింది, రెండు గంటల్లో కాన్వాయ్ బయల్దేరాలని. మేం చేసిన నిర్వాకం అప్పుడు తెలిసొచ్చింది. ఏ బండి భాగం ఏ బండిలో ఉందో మాకే గుర్తులేదు. చివరికి కదిలినవి పదకొండు. వాటిలో రెండు గేటు దాటకుండానే ఆగిపోయాయి. ఒకదానికి వాటర్ పంపు సీల్ పోయింది. అరచేతిలో పట్టే వస్తువు అది. దానికోసం ఇండెంట్, అంటే సామాను కావాలని అర్జీ, పెట్టి అప్పటికే ఎనిమిది నెలలు. మా సీనియర్ ఒకాయన టార్చి పట్టుకుని బానెట్ కిందకు చూసి చూసి, "ఆ బోర్డు తీసుకెళ్లి నీళ్లలో వేయండిరా, అదైనా తేలుతుంది" అన్నాడు. ఎవరం నవ్వలేదు.

అదే నెలలో కొత్త వాహనాలు కొన్నారు. పూలదండలు, ఫోటోలు, ప్రసంగం. రబ్బరు సీల్‌కి ఎవరూ రిబ్బన్ కత్తిరించరు కదా! కొత్తది కొంటే పేరొస్తుంది, పాతదాన్ని నడిపిస్తే ఏమీ రాదు. రిటైరయ్యే లోపు ఒక పెద్ద కొనుగోలు తన పేరు మీద ఉండాలనుకునే వాళ్లను ఎంతమందిని చూశానో.

ఇది మా ఒక్క వర్క్‌షాప్ కథ అనుకోవద్దు. జర్మనీ పేద దేశమేమీ కాదు. 2014లో అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో విన్యాసాలకు వెళ్లిన జర్మన్ దళం, మెషిన్ గన్ గొట్టాలు లేక కొన్ని సాయుధ వాహనాల మీద చీపురు కర్రలకు నల్లరంగు వేసి బిగించుకుంది. 2022 డిసెంబరులోనేమో ఒక శిక్షణలో పాల్గొన్న పూమా సాయుధ వాహనాలు 18కి 18 మొరాయించాయి. ఆ వార్త చదివినప్పుడు ఆ మెకానిక్‌లను తలుచుకుని ప్రాణం ఉసూరుమంది. అదే ఏడాది యుక్రెయిన్ రాజధాని కీవ్ వైపు బయల్దేరిన రష్యా కాన్వాయ్ 60 కిలోమీటర్ల పొడవున రోడ్డు మీదే నిలబడిపోయింది. యుక్రెయిన్ వాళ్లు కొట్టిన దెబ్బలు ఎలాగూ ఉన్నాయి, వాటికి తోడు ఇంధనం, తిండి చాలలేదు.

అఫ్గానిస్తాన్‌దైతే అచ్చం మా బోర్డు కథే. అక్కడి సైన్యం, పోలీసుల మీద అమెరికా ఇరవై ఏళ్లలో 80 బిలియన్ డాలర్ల పైనే పోసింది. కాగితం మీద మూడు లక్షల మంది. అందులో జీతాల పట్టీలో తప్ప ఎక్కడా కనపడని సైనికులు బోలెడు. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి పోయింది.

దేశాల సైనిక ఖర్చుల లెక్కలు కట్టే సిప్రి అనే సంస్థ ప్రకారం 2024లో ప్రపంచం సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2.7 ట్రిలియన్ డాలర్లు. అందులో మూడో వంతుకు పైగా అమెరికా ఒక్కదానిదే. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఒకే డాలరు ఒక దేశంలో ఒక సైనికుడి గంట జీతం కూడా కాదు, ఇంకో దేశంలో చాలా ఎక్కువ కొంటుంది. పైగా ఆ లెక్కలో మాజీ సైనికుల పెన్షన్లు కూడా కలిపేస్తారు. అంటే నేను ఇంట్లో కూర్చుని పేపరు చదువుకుంటున్నా సైనిక బలం కిందే లెక్క! నా మోకాళ్ల పరిస్థితి శత్రువుకు తెలియకూడదు.

అలాగని సైన్యమే వద్దనేవాళ్లతోనూ నాకు పడదు. వాళ్లు వెంటనే కోస్టారికా పేరెత్తుతారు. 1948లో సైన్యాన్ని రద్దు చేసిన మాట నిజమే. కానీ దాని వెనక అమెరికా ఖండాల దేశాలు ఒకరికొకరు అండగా ఉంటామని 1947లో చేసుకున్న ఒప్పందం ఉంది. ఐస్‌లాండ్‌కూ సొంత సైన్యం లేదు, కానీ నాటోలో మొదటినుంచీ సభ్యురాలు. అందరికీ అలాంటి గొడుగు దొరకదు. యుక్రెయిన్ 1994లో అణ్వాయుధాలు వదులుకుని, తన సరిహద్దులను గౌరవిస్తామనే హామీ కాగితం పుచ్చుకుంది. సంతకం పెట్టినవాళ్లలో రష్యా కూడా ఉంది. తర్వాత ఏమైందో తెలిసిందే.

బ్రిటన్ ఉదాహరణ నాకు ఇంకా నచ్చుతుంది. దక్షిణ అట్లాంటిక్‌లో, తన ఏలుబడిలో ఉన్నా అర్జెంటీనా మావేననే ఫాక్‌లాండ్ దీవుల వైపు తిరిగే ఎండ్యూరెన్స్ అనే ఒక్క గస్తీ ఓడను ఖర్చు దండగని తీసేస్తామని 1981లో ప్రకటించారు. వీళ్లకిక ఈ దీవుల మీద పట్టింపు లేదని అర్జెంటీనా పాలకులు అనుకున్నారు. 1982 ఏప్రిల్ 2న ఫాక్‌లాండ్స్‌లో దిగారు. ఆ యుద్ధానికి అదొక్కటే కారణమని చెప్పను గానీ, అక్కడ తిరుగుతున్న పాత ఓడ ఒకటి చెప్పే మాట రేవులో కట్టేసిన పది కొత్త ఓడలు చెప్పలేవని నా గట్టి నమ్మకం. మీ ప్రశ్నకు నా జవాబు కూడా అదే. మాట చెల్లేది పిలిస్తే బండి కదులుతుందని ఎదుటివాడు నమ్మినప్పుడు.

ఇప్పుడు నాటో దేశాలు రక్షణకు జీడీపీలో 2 శాతం చాలదు, 2035 కల్లా 5 శాతం అంటున్నాయి. అందులో 1.5 శాతం రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత వంటివాటికి. వంతెనలు లెక్కలోకి వచ్చినందుకు సంతోషం, ట్యాంకు బరువు మోయలేని వంతెన ఉంటే ట్యాంకు ఎందుకు? కానీ శాతం కూడా సుద్దముక్కతో రాసే అంకెలాంటిదే. 2023లో యూరోపియన్ యూనియన్ యుక్రెయిన్‌కు ఏడాదిలో పది లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామంది. గడువు నాటికి ఇచ్చింది దాదాపు సగం. అన్ని గుండ్లు అంత త్వరగా తయారుచేసే శక్తి ఫ్యాక్టరీలకు లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

ఇంతకీ మా వాటర్ పంపు సీల్ వచ్చిందా అంటే, వచ్చింది. ఇంకో ఆరు నెలలకు, పెద్ద డబ్బాలో, నాలుగు సంతకాలతో. వేరే సైజుది.