ఉప సర్పంచ్ సంతకం ఎందుకు?

ప్రశ్న: మాది తెలంగాణలో చిన్న గ్రామం. సర్పంచ్‌కి, ఉప సర్పంచ్‌కి మాటల్లేవు. మోటారు రిపేరు బిల్లు ఆగిపోయింది. అడిగితే ‘ఆయన సంతకం పెట్టట్లేదు’ అంటున్నారు. అసలు ఉప సర్పంచ్‌కి మేం ఓటే వేయలేదు కదా!

జవాబు: నిజమే, మీరు వేయలేదు. గులాబీ బ్యాలెట్‌తో సర్పంచ్‌ని, తెల్ల బ్యాలెట్‌తో మీ వార్డు సభ్యుణ్ణి ఎన్నుకుంటారు. ఉప సర్పంచ్‌ని వార్డు సభ్యులే తమలో ఒకరిని చేతులెత్తి ఎన్నుకుంటారు. ఇందులో సర్పంచ్‌కీ ఓటుంటుంది. పేరుకి పార్టీ గుర్తుల్లేని ఎన్నికలే అయినా, ఆ రాత్రి పంచాయతీ ఆఫీసులో జరిగే రాజకీయం నేను కార్యదర్శిగా పనిచేసిన రోజుల్లో దగ్గరగా చూశాను. టీ గ్లాసులు చల్లారిపోయేవి, బేరాలు మాత్రం తెగేవి కావు.

2018 పంచాయతీరాజ్ చట్టం చెక్‌పవర్‌ని, అంటే పంచాయతీ చెక్కులపై సంతకం చేసే అధికారాన్ని, సర్పంచ్‌కీ ఉప సర్పంచ్‌కీ కలిపి ఇచ్చింది. ఒక్కరి చేతిలో డబ్బు ఉండకూడదని పెట్టిన ఏర్పాటు ఇది. ఇద్దరికీ పడకపోతే మాత్రం ఊరి పనులు పడకేస్తాయి. నా దృష్టిలో ఇదే దాని లోపం.

ఉప సర్పంచ్‌పై వార్డు సభ్యులు అవిశ్వాసం పెట్టవచ్చు, సర్పంచ్‌పై కుదరదు. అయితే ఒక్క మోటారు బిల్లు కోసం అంతదాకా ఎందుకు? గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. సంతకం ఎందుకు ఆగిందో అక్కడ అందరి ముందూ అడగండి, జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఆ పేజీ నకలు జతచేసి ఎంపీడీఓకి, జిల్లా పంచాయతీ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి, రసీదు మాత్రం మరిచిపోకండి.