రోల్ కాల్‌లో విదేశీ పేర్లు పలకడం ఎలా?

ప్రశ్న: అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాను. వచ్చే వారం నుంచి టీచింగ్ అసిస్టెంట్‌గా ల్యాబ్ తీసుకోవాలి. జాబితాలో వియత్నాం, చైనా, మెక్సికో పేర్లు చూస్తేనే టెన్షన్‌గా ఉంది. పొట్టి పేర్లు పెట్టి పిలిచేయమంటున్నారు సీనియర్లు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ సలహా మాత్రం వినకండి. పేరును కుదించుకోవాలా వద్దా అన్నది ఆ పేరు గలవాళ్ల ఇష్టం. 2020 అక్టోబరులో డేవిడ్ పెర్‌డ్యూ అనే సెనేటర్, తనతో మూడేళ్లకు పైగా సెనేట్‌లో ఉన్న కమలా హారిస్ పేరును ఒక సభలో ఇష్టమొచ్చినట్టు వంకరగా పలికారు. దాంతో ఎంతోమంది తమ పేర్లకు అర్థాలు చెబుతూ సోషల్ మీడియాలో పోస్టులు పెట్టారు. పేరు పాడుచేస్తే మనసుకు అంతగా తగులుతుంది.

ఇప్పుడే క్లాసు మొత్తానికి ఒక మెయిల్ పెట్టండి. పేరు ఎలా పలకాలో, ఏమని పిలిస్తే ఇష్టమో అడగండి. 'విదేశీ' పేర్లు అనిపించినవాళ్లకే పంపకండి, వాళ్లలో చాలామంది అక్కడే పుట్టి ఉండొచ్చు. లింక్డిన్‌లో కొందరు తమ పేరు తామే పలికి రికార్డు చేసి పెడతారు, అదీ వినండి. విన్నది తెలుగులో రాసుకోండి.

స్పెల్లింగును నమ్ముకుంటే దొరికిపోతాం. చైనా పేర్లలో ఎక్స్ అక్షరం 'ష'కు, క్యూ 'ఛ'కు దగ్గరగా పలుకుతుంది. మనకు జార్జ్‌లా కనిపించేది స్పానిష్‌లో హోర్హే. ఎంహెచ్‌తో ముగిసే ఒక ఐరిష్ పేరును నీవ్ అంటారు. వియత్నాంలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఇంటిపేరు న్గుయెన్‌ను అమెరికాలో చాలామంది 'విన్' అని పలుకుతారు, అందరూ కాదు. అందుకే అడగడం తప్పదు.

జాబితాలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని కనిపిస్తే అది పేరనుకుని పిలవకండి. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో అలా వేస్తారు. మన తెలుగు పిల్లలకూ ఈ తిప్పలు ఉన్నాయి.

క్లాసులో ఎవరైనా దిద్దితే థాంక్స్ చెప్పి, ఒకసారి సరిగ్గా పలికి ముందుకు సాగండి. పదేపదే సారీ చెబితే మిమ్మల్ని ఓదార్చే పని ఆ విద్యార్థి మీద పడుతుంది. 'మీ పేరు నాకు నోరు తిరగదు' అని నలుగురిలో అనొద్దు.

మీ పేరు కూడా బోర్డు మీద రాసి, నిదానంగా పలికి వినిపించండి. తప్పుగా పిలిస్తే మొదటి వారంలోనే దిద్దండి. సెమిస్టర్ సగమయ్యాక చెప్పాలంటే ఇద్దరికీ ఇబ్బందే.