పిల్లల తలలో తామరకు పూత మందు చాలదా?
చాలదు. తలపై గుండ్రంగా జుట్టు ఊడి, పొట్టు రాలుతూ, విరిగిన వెంట్రుకలు నల్లని చుక్కల్లా కనిపించే ఈ తామరలో శిలీంధ్రం వెంట్రుక కుదురులోకి దిగి ఉంటుంది కనుక పూత మందు అంత లోతుకు చేరదు. అందువల్ల వైద్యులు వెంట్రుకను, పొట్టును పరీక్షించి, పిల్లల బరువును బట్టి శిలీంధ్రాన్ని అణచే మందులైన గ్రిసియోఫుల్విన్‌నో టెర్బినాఫిన్‌నో నోటి ద్వారా ఇస్తారు. మొదటిదాన్ని సాధారణంగా 6 నుంచి 8 వారాలు వాడాలి; పాలు, నెయ్యి వంటి కొవ్వున్న ఆహారంతో తీసుకుంటే బాగా ఒంటబడుతుంది. కీటోకోనజోల్ షాంపూను వారానికి 2 సార్లు వాడితే ఇతరులకు అంటుకోవడం తగ్గుతుందే తప్ప, జబ్బు దానితోనే నయం కాదు. దువ్వెన, తువ్వాలు వేరుగా ఉంచాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు మాత్రం ఎర్రదనాన్ని కప్పిపుచ్చి జబ్బును ముదరబెడతాయి. చీముతో మెత్తగా వాస్తే, దాన్ని సెగగడ్డగా భావించి కోయించకుండా, వెంటనే చర్మవైద్యులను కలవాలి.