గ్రాడో హెడ్‌ఫోన్ల కంపెనీ 70 ఏళ్ళకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఎలా నిలబడింది?

ప్యాషన్ అంట. 1953లో మొదలైన కంపెనీ ఇన్నేళ్ళు ఒకే ఇంటివాళ్ళ చేతిలో ఎట్లా ఉంది అని మీరు అడిగితే, ఎవరిని కదిపినా ప్యాషన్, క్వాలిటీ, విజన్ అని ఆ మూడు మాటలే అప్పజెప్తారు. నా లెక్కలో కారణాలు రెండే. కూర్చోడానికి ఇంటివాళ్ళ జాగా ఉంది, ఆ జాగాలో కూర్చోడానికి ఒక పిల్లోడు దొరికాడు. అంతే. మా నాన్నకి రెండూ లేవు, అందుకే మా షాపు ఇవాళ లేదు. ఇది నేను హెడ్‌ఫోన్ల ఎక్స్‌పర్టుగా చెప్పట్లేదు, సుల్తాన్ బజార్‌లో ముప్పై ఏళ్ళకు పైగా వాచీలు రిపేరు చేసినాయన కొడుకుగా చెప్తున్నా.

ముందు మీరడిగిన చరిత్ర చెప్పేస్తా. జోసెఫ్ గ్రాడో అని న్యూయార్క్‌లో బ్రూక్లిన్ మనిషి, ఇటలీలోని సిసిలీ నుంచి వచ్చిన కుటుంబం. ఆయన అసలు పని వాచీలు చెయ్యడం. టిఫనీ అని పెద్ద నగల కంపెనీ ఉంది కదా, అక్కడ చేసేవాడు. తర్వాత ఇంట్లో వంటింటి బల్ల మీద కూర్చుని గ్రామఫోన్ రికార్డు ప్లేయర్లకి పెట్టే కార్ట్రిడ్జ్‌లు చెయ్యడం మొదలుపెట్టాడు. కార్ట్రిడ్జ్ అంటే రికార్డు మీద ముల్లు ఆనుతుంది చూడండి, ఆ ముల్లు వణుకుడుని కరెంటుగా మార్చే చిన్న డబ్బీ. లోపల వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ చుట్టలు, అయస్కాంతం ఉంటాయి. ఆ పనికి కావాల్సింది ఇంజనీరింగ్ డిగ్రీ కాదండీ, వణకని చెయ్యి. వాచీల ఆయనకి అది ముందే ఉంది. బల్ల మీద జాగా చాలక, వాళ్ళ నాన్న పళ్ళ దుకాణం నడిపిన బిల్డింగులోకి మార్చాడు. బ్రూక్లిన్ సెవెంత్ ఎవెన్యూలో ఆ పళ్ళ దుకాణమే ఫ్యాక్టరీ అయింది, తర్వాత దశాబ్దాల పాటు అక్కడే నడిచింది. మోజంజాహీ మార్కెట్ పక్కన పళ్ళ కొట్టు ఉన్నాయన కొడుకు అదే కొట్టులో ఆడియో కంపెనీ పెట్టి ప్రపంచం మొత్తానికి అమ్మాడు అనుకోండి, అట్లా.

1980ల్లో సీడీలు వచ్చాక రికార్డులు కొనేవాళ్ళు తగ్గిపోయారు, ముల్లు ఎవడికి కావాలి? మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. 1990లో జోసెఫ్ సోదరుడి కొడుకు జాన్ గ్రాడో కంపెనీ తీసుకున్నాడు. తీసుకున్నాడంటే పెద్దాయన ఊరికే చేతిలో పెట్టలేదు, కొనుక్కున్నాడు. మన దగ్గర అయితే అన్నదమ్ముల పిల్లల మధ్య పంపకాలు అనగానే రంగారెడ్డి కోర్టు మెట్లు గుర్తొస్తాయి. ఈ జాన్ చిన్నప్పుడు అదే ఫ్యాక్టరీలో ఫ్లోర్ ఊడ్చిన పిల్లోడు. నా రెండో కారణం ఇదే. ఆయన వచ్చాక హెడ్‌ఫోన్ల మీద పడ్డారు. కార్ట్రిడ్జ్ చేసే పనిని తలకిందులు చేస్తే హెడ్‌ఫోన్ అవుతుంది. అక్కడ కదలిక కరెంటు అవుతుంది, ఇక్కడ కరెంటు తీగ చుట్టలోకి పోయి పల్చటి పొరని కదిలిస్తుంది. చేతులవే, పనిముట్లవే. 90ల్లో ఎస్ఆర్60 అని ఒక హెడ్‌ఫోన్ 69 డాలర్లకి వదిలారు, అదే వాళ్ళని బతికించింది అని నా నమ్మకం. తర్వాత చెక్కతో చేసిన ఖరీదైనవి చాలా వచ్చాయి, బ్రూక్లిన్‌లో పడిపోయిన మేపుల్ చెట్టు చెక్కతో కూడా ఒక మోడల్ చేశారు. 1964 తర్వాత యాడ్స్‌కి డబ్బులు పెట్టలేదంట. ఇక్కడ క్రికెట్ మ్యాచ్ మధ్యలో ఇయర్‌బడ్స్ యాడ్ ఓవర్‌కి ఒకసారి వస్తుంది, అది గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇంక నేను చెప్పాలనుకున్నదానికి వస్తా.

2008లో న్యూజెర్సీ నుంచి మా బావ వస్తూ నాకు ఎస్ఆర్60 తెచ్చాడు. అప్పటి లెక్కలో మూడు వేల రూపాయలు ఉంటుందేమో, చూడ్డానికి మాత్రం పాత రేడియో స్టేషన్‌లో అనౌన్సర్ పెట్టుకునేదిలా ఉంది. నల్ల ప్లాస్టిక్ కప్పులు, చెవికి స్పాంజి, నెత్తి మీద ఒక పట్టీ. మా అమ్మ "అమెరికా నుంచి ఇదేనా తెచ్చేది, చాక్లెట్లు లేవా" అంది. పెట్టుకుని విన్నాక నాకు నోట మాట రాలేదు, అదంతా వర్ణిస్తే మీరు నవ్వుతారు కాబట్టి వదిలేస్తా. ఒకటి మాత్రం చెప్పాలి, వీటికి వెనక వైపు జాలీ ఉంటుంది, ఓపెన్. మీరు వినేది పక్కనోళ్ళు కూడా వింటారు. రాత్రి పదకొండుకి నేను వింటుంటే పక్క రూంలోంచి మా నాన్న "రెండో చరణం మళ్ళొకసారి పెట్టు" అనేవాడు.

రెండేళ్ళకి నా తప్పు వల్లే పాడైంది. కుర్చీ చక్రం వైరు మీద ఎక్కింది, నేను చూసుకోకుండా లేచాను, ఎడమ వైపు చచ్చిపోయింది. కోఠీలో ఒక షాపుకి తీసుకెళ్తే ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు, "కొత్తది తీస్కో భయ్యా, మూడొందల్లో బేస్ అదిరిపోయేది ఇస్తా" అన్నాడు. ఇంకో చోట తీసుకున్నారు, వారం ఉంచుకుని "పార్ట్ దొరకదు" అని తిరిగిచ్చారు, ఇచ్చేటప్పుడు ఒక వైపు స్పాంజి లేదు. అడిగితే "వచ్చినప్పుడే లేదు సార్". ఇప్పటికీ ఆ గల్లీలోంచి వెళ్తే ఆ షాపు వైపు చూడను.

ఇంటికొచ్చి మంచం మీద పడేస్తే మా నాన్న చూశాడు. "ఏందిరా, గింత మంచి వస్తువును గట్ల ఇసిరికొడ్తవ్?" అని తీసుకుని మర్నాడు షాపుకి పట్టుకెళ్ళాడు. ఆదివారం కాబట్టి నేనూ వెళ్ళా. షాపంటే ఆరడుగుల వెడల్పు, మధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైటు, గోడకి ఆగిపోయిన గోడ గడియారాలు ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ. కంటికి భూతద్దం బిగించుకుని పది నిమిషాలు ఊరికే తిప్పి తిప్పి చూశాడు. స్క్రూలు లేవు. ఎట్లా విప్పాలి? "అతికిచ్చిండ్రు. మీ అక్క జుట్టు ఆరబెట్టుకునే మిషిన్ తే పో" అన్నాడు. నేను బండి మీద చిక్కడపల్లి వెళ్ళి హెయిర్ డ్రయ్యర్ తెచ్చేసరికి గంట, ఆదివారం సుల్తాన్ బజార్ రద్దీ తెలిసిందే.

కప్పుకి వేడి గాలి పట్టించి, వేలితో మెల్లగా తిప్పుతుంటే జిగురు లొంగి లోపలి చక్రం బయటికి జారింది. అంతే ఉంది లోపల. ఒక పల్చటి పొర, వెనక రెండు టంకం చుక్కలు, ఒక చుక్క మీద వైరు ఊడి ఉంది. మూడొందల షాపు, పార్ట్ దొరకదు షాపు, ఇంత హడావిడి అంతా ఒక చుక్క కోసం! పక్క రేడియో షాపు ఆయన దగ్గర సోల్డరింగ్ ఐరన్ అడిగి తెచ్చి, నలిగిన ముక్క కత్తిరించి, రెండు వైర్లూ మళ్ళీ పెట్టి టంకం పెట్టాడు. క్వార్ట్జ్ వాచీలో కాయిల్ చూసిన కంటికి ఇది కొబ్బరి తాడు కింద లెక్క అన్నాడు.

ఫోన్‌కి పెట్టి ఘంటసాల పాట వేశాం. సౌండ్ వస్తోంది, రెండు వైపులా వస్తోంది, కానీ ఏదో తేడా. గొంతు తల మధ్యలో ఉండాల్సింది, చెవులకి అవతల ఎక్కడో గాల్లో ఉంది, మృదంగం దమ్ము లేదు. నేను "బానే ఉంది నాన్నా" అనేశా. ఆయన పెట్టుకుని నాలుగు సెకన్లు విని తీసేశాడు. "ఉల్టా పెట్టిన" అన్నాడు. రెండు వైర్లు అటుదిటు అయ్యాయి. ఒక వైపు పొర ముందుకొస్తుంటే రెండో వైపు వెనక్కి పోతోంది. పాత పాట మోనో రికార్డింగ్, అంటే రెండు చెవులకీ ఒకే సౌండ్, కాబట్టి అంత బాగా దొరికిపోయింది. మళ్ళీ డ్రయ్యర్, మళ్ళీ టంకం. ఈసారి ఘంటసాల సరిగ్గా నుదుటి వెనక వచ్చి నిలబడ్డాడు. ఆ మధ్యలో ఒక కస్టమర్ హెచ్ఎంటీ వాచీకి పట్టీ మార్చమని వస్తే "బిజీగ ఉన్న, అరగంట ఆగి రా" అన్నాడు. మా నాన్న నోటి నుంచి ఆ మాట విన్నది నేను అదొక్కసారే.

ఇప్పటి బడ్స్ సంగతి చూడండి. బియ్యపు గింజంత బ్యాటరీ లోపల పెట్టి సీల్ చేసేస్తారు, రెండేళ్ళకి అది చస్తుంది, విప్పితే ముక్కలవుతుంది. వాటికి మళ్ళీ ఈఎంఐ. మా ఆఫీసులో పిల్లలు గ్రాఫులు చూపించి ఏది బెస్టో వాదించుకుంటారు, టంకం చుక్క ఎట్లా ఉంటుందో ఒక్కడికి తెలీదు. సరే, వయసు మాటలు నాకే వచ్చేస్తున్నాయి.

మిగతా హెడ్‌ఫోన్ కుటుంబాలు కూడా చూడండి, నా మాట కరెక్టో కాదో తెలుస్తుంది. అమెరికాలోనే మిల్వాకీలో కాస్, 1958లో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చాడు, తర్వాత కొడుకు కూర్చున్నాడు, 1984లో తెచ్చిన పోర్టా ప్రో ఇప్పటికీ అదే రూపంలో అమ్ముతున్నారు. జర్మనీలో సెన్‌హైజర్, 1945లో ఫ్రిట్జ్ సెన్‌హైజర్ మొదలుపెట్టాడు, కొడుకు వచ్చాడు, మనవళ్ళు వచ్చారు, కానీ 2022లో మామూలు జనం కొనే హెడ్‌ఫోన్ల వ్యాపారం సొనోవా అనే స్విస్ కంపెనీ చేతికి పోయింది, స్టూడియో మైకుల పని మాత్రం ఇంటివాళ్ళ దగ్గరే ఉంది. పెద్దగా అయ్యేకొద్దీ ఇల్లు చాలదు. గ్రాడో వాళ్ళు పెద్దగా కాకపోవడమే వాళ్ళ తెలివి అంటాను నేను. జాన్ గ్రాడో కొడుకులు జోనథన్, మాథ్యూ కూడా కంపెనీ పనిలోకే వచ్చారు.

నన్ను మా నాన్న ఫ్లోర్ ఊడవమనలేదు. ఇంటర్‌లో ఒకసారి సెలవుల్లో షాపులో కూర్చుంటా అంటే "నీకెందుకురా, సదువుకో" అన్నాడు. చదువుకున్నా, గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. షాపు అద్దెది, ఓనర్ ప్రతి రెండేళ్ళకీ పెంచేవాడు. 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని సెంట్రల్ గవర్నమెంట్ నిర్ణయించింది కదా, ఆ ఏడాదే మా షట్టర్ కూడా దిగింది. దానికీ దీనికీ సంబంధం లేదని ఆయన అంటాడు. శుక్లాలు వచ్చాయి, ఆపరేషన్ అయ్యాక కూడా సన్న పని కుదరలేదు.

ఆ ఎస్ఆర్60 ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది. స్పాంజీలు పొడి పొడి అయితే రెండుసార్లు మార్చాం, కప్పు మీద అక్షరాలు అరిగిపోయాయి. మీ ప్రశ్న చూశాక మొన్న రాత్రి ఆయనకి ఈ కథంతా చెప్పా. నాన్నా, నువ్వు విప్పిన ఈ కంపెనీ పెట్టిన ఆయన కూడా వాచీల పని చేసినాయనే, అది మానేసి ఇది పెట్టాడు, 2015లో పోయాడు, తొంభై ఏళ్ళు బతికాడు అని. హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి పక్కకి జరిపి విన్నాడు.

"వాచీల పని ఎందుకు మానిండు? కండ్లు పోయినయా?"

కాదు నాన్నా, కుర్రతనంలోనే మానేశాడు అన్నా.

"మరి ఇంకేంది" అని మళ్ళీ చెవి మీదకి జరుపుకున్నాడు.